టర్బో ఆయిల్ డ్రైన్ చాంబర్‌లోకి ఎక్కడ దించాలి? ఇంటి దగ్గరే చేస్తున్న పని, సలహా కావాలి

గుణుపురం జీపు (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పాత కమాండర్ జీపు ఉంది. 2523 సీసీ డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్, టర్బో (ఎగ్జాస్ట్ పొగ తోపుడుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టే పరికరం) లేని రకం. నాన్నగారి బండి, అమ్మే ఉద్దేశం లేదు. లోడుతో ఎత్తు ఎక్కాలంటే రెండో గేరులోనే గుంజుకుంటూ పోతుంది. ఇదే ఇంజన్‌కి టర్బో ఉన్న బండి ఒకటి తుక్కుకి పోతుంటే దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బో కొన్నాను. షాఫ్ట్ పట్టుకుని చూశాను. ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు ఎక్కడా విరగలేదు.

మానిఫోల్డ్ బాగానే కూర్చుంది. టర్బోకి ఆయిల్ పంపే ఫీడ్ పైపు కోసం ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ (మూడు నోళ్ళ జాయింట్) పెడుతున్నాను. చిక్కంతా డ్రైన్‌తోనే, అంటే టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగే పైపుతోనే. నా చాంబర్‌కి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రైన్ పైపు దిగే దారి లేదు. నాకు రెండు మార్గాలు తోచాయి. కింద ఆయిల్ మార్చేటప్పుడు విప్పే డ్రైన్ బోల్టు తీసేసి అక్కడే టీ పెట్టి కలిపేయడం ఒకటి, దానికి వెల్డింగ్ కూడా అక్కర్లేదు. లేకపోతే చాంబర్ పక్క గోడకి రంధ్రం చేసి పైపు ముక్క అతికించడం. డ్రిల్లు, గ్రైండర్ ఇంట్లో ఉన్నాయి. స్నేహితుడి మిగ్ (వైరుతో చేసే) వెల్డింగ్ మిషను తెచ్చుకోగలను.

వీలైతే ఇంకో లీటరు ఆయిల్ పట్టేలా చాంబర్ కొంచెం పెంచాలని కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

లేత్ మేస్త్రి (పర్లాకిమిడి)

బాబూ, మొదటి ఆలోచన ఇక్కడితో వదిలేయ్. డ్రైన్ బోల్టు దగ్గర కలిపితే పైపు సగం వరకూ ఎప్పుడూ ఆయిల్ నిలబడి ఉంటుంది. టర్బో నుంచి దిగే ఆయిల్‌కి చోటుండదు. రంధ్రం ఎప్పుడూ ఆయిల్ మట్టానికి పైనే ఉండాలి. రెండోది చెయ్యి, కానీ ఎత్తు కొలవకుండా డ్రిల్లు ముట్టుకోకు.

బల్లార్షా డీజిల్ (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

మేస్త్రి చెప్పింది నిజం. మా దిక్కు బొగ్గు గనుల కాడ నడిచే పికప్ ఒకటి ఇట్లనే డ్రైన్ బోల్టుకు కలిపి వచ్చింది. స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చాలు, సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఓనరు టర్బో కార్ట్రిడ్జ్ (షాఫ్ట్, బేరింగులు ఉండే మధ్య భాగం) మార్పించిండు, అయినా అదే పొగ. పైపు తీసి చాంబర్ పై భాగంలకు మార్చినంక పొగ పోయింది. పాత కార్ట్రిడ్జ్‌ల ఏ తప్పూ లేదు.

గుణుపురం జీపు

మేస్త్రి గారూ, ఒక సందేహం. ఫీడ్ పైపులో మూడు నాలుగు కేజీల ప్రెషర్‌తో ఆయిల్ పోతుంది కదా. వెనకాల నుంచి అంత తోపుడు ఉన్నప్పుడు, డ్రైన్ పైపులో కొంచెం ఆయిల్ నిలబడి ఉంటే మాత్రం ఏమవుతుంది? అదే తోసుకుని పోదా?

సునాబేడ రిటైర్డ్ (సునాబేడ, కోరాపుట్ జిల్లా)

మంచి ప్రశ్న. తోసుకుని పోదు. కారణం వివరంగా చెబుతాను, ఇది పట్టుబడితే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు.

ప్రెషర్ ఉండేది బేరింగు వరకే. షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య సన్నటి సందులోంచి ఆయిల్ పిండుకుని బయటకు రాగానే దాని ప్రెషర్ అయిపోయింది. అక్కడి నుంచి అది హౌసింగ్ లోపల ఖాళీ చోటులో పడుతుంది. ఆ ఖాళీలో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంటుంది. ఆయిల్ గాలితో కలిసి చిలికిన మజ్జిగలా నురగ అయిపోతుంది. ఆ నురగని కిందికి దించేది భూమ్యాకర్షణ ఒక్కటే, వేరే ఏ బలమూ లేదు. అందుకే ఫీడ్ పైపు లోపలి కొలత మూడు నాలుగు మిల్లీమీటర్లున్నా సరిపోతుంది, డ్రైన్‌కి మాత్రం 12 నుంచి 16 మిల్లీమీటర్లు కావాలి. లోపలికి వెళ్ళిన ఆయిలే బయటికి వస్తుంది, కానీ నురగగా వస్తుంది కాబట్టి ఎక్కువ చోటు పడుతుంది, మెల్లగా కూడా దిగుతుంది.

ఇంకోటి. టర్బో రెండు వైపులా ఉండే సీళ్ళు క్రాంక్ షాఫ్ట్‌కి ఉండే రబ్బరు సీళ్ళలాంటివి కావు. చిన్న పిస్టన్ రింగు లాంటివి. లోపల ఆయిల్ నిండిపోతే వాటికి ఆపే శక్తి లేదు. ఒక వైపు టర్బైన్ నుంచి, ఇంకో వైపు కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడి బయటి నుంచి లోపలికి ఉంటుంది, హౌసింగ్ ఖాళీగా ఉంటుంది. ఈ రెండూ ఉన్నంత కాలమే అవి పని చేస్తాయి. ఐడిల్‌లో ఆ గాలి ఒత్తిడి చాలా తక్కువ. అప్పుడు డ్రైన్ ఆగితే ఆయిల్ టర్బైన్ వైపు ఎగ్జాస్ట్‌లోకీ, కంప్రెసర్ వైపు ఇన్‌టేక్‌లోకీ కారిపోతుంది. బల్లార్షా మిత్రుడు చూసిన నీలం పొగ అదే.

విమానం ఇంజన్లలో బేరింగుల దగ్గరి ఆయిల్‌ని వెనక్కి లాగడానికి వేరే స్కావెంజ్ పంపులు ఉంటాయి. లోపలికి పంపే పంపు కంటే వెనక్కి లాగే పంపుల సామర్థ్యం ఎక్కువగా పెడతారు. వెనక్కి వచ్చేది ఆయిల్ ఒక్కటే కాదు, గాలి కూడా అని లెక్క. మన జీపులో ఆ పంపు లేదు. కాబట్టి పైపు వాలు, లావు, దిగే చోటు ఈ మూడింటి మీదే ఆధారపడాలి.

గుణుపురం జీపు

చాలా ధన్యవాదాలు సార్, ఇప్పుడు అర్థమైంది. మరి చాంబర్ బయటి నుంచి లోపలి ఆయిల్ మట్టం ఎక్కడుందో తెలుసుకునేది ఎలా? డిప్ స్టిక్ వంకరగా లోపలికి పోతుంది, దాన్ని పక్కన పెట్టి కొలిస్తే సరిపోవట్లేదు.

లేత్ మేస్త్రి

తాపీ మేస్త్రీలు మట్టం చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక గజం కొను. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టు. ఆయిల్ ఫుల్ గీత వరకు పోసి, ఇంజన్ ఆపి రాత్రంతా వదిలేయ్. పైన ఉన్న ఆయిలంతా కిందికి దిగుతుంది, మట్టం అంతకన్నా పైకి రాదు. తర్వాత ఆయిల్ దించి, డ్రైన్ బోల్టు కొలతకి లేత్ మీద ఒక నిప్పిల్ చేయించి బిగించు. దానికి పైపు తొడిగి, చాంబర్ పక్కగా పైకి కట్టు. దించిన ఆయిల్ అంతా తిరిగి పోసి, ఆయిల్ పోసే మూత తీసే ఉంచు. లోపల ఎంత మట్టం ఉందో పైపులో అంతే కనపడుతుంది. అక్కడ చాంబర్ మీద పంచ్‌తో గీత కొట్టు. సుద్దతో గీస్తే కడిగేటప్పుడు పోతుంది.

నువ్వు చేసే రంధ్రం కింది అంచు ఆ గీతకి కనీసం ఒక అంగుళం పైన ఉండాలి. ఇంకా పైన చోటుంటే ఇంకా మంచిది. అయితే పైన బోల్టుల అంచుకి మరీ దగ్గరైతే వెల్డింగ్ వేడికి ప్యాకింగ్ కూర్చునే అంచు వంగుతుంది, అది చూసుకో. ముందు బ్లాకుని కూడా ఒకసారి పరిశీలించు. కొన్ని బ్లాకులకి పక్కన మూత వేసిన బాస్ (రంధ్రం కోసం ఉబ్బుగా వదిలిన చోటు) ఒకటి ఉంటుంది. అది నేరుగా క్రాంక్ గదిలోకి తెరుచుకునేదైతే చాంబర్ జోలికి పోకుండా అందులోకే దించొచ్చు.

సునాబేడ రిటైర్డ్

మేస్త్రి గారి మాటకి ఒకటి కలుపుతాను. రంధ్రం చాంబర్ పొడవులో మధ్యన ఉండేలా చూడండి. పదికి ఒకటి చొప్పున ఎత్తున్న దారిలో, మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఆయిల్ మట్టం రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది. అంటే మీరు వదిలిన ఆ అంగుళం అంతా చాంబర్ వెనక చివర అయితే ఘాట్ ఎక్కేటప్పుడు మునిగిపోతుంది. ముందు చివర అయితే దిగేటప్పుడు. మధ్యన మట్టం దాదాపు కదలదు.

ఘాట్ రోడ్డు (పొట్టంగి, కోరాపుట్ జిల్లా)

చాంబర్ దించకుండా చెయ్యడం కుదరదా అన్నా? ఫోర్ వీల్ జీపుకి ముందు యాక్సిల్ అడ్డం, చాంబర్ దించడమంటే ఒక రోజు పని. మా బంధువు ఒకాయన డ్రిల్లు బిట్‌కి గ్రీజు దట్టంగా రాసి, కొంచెం కొంచెంగా తొలిచాడు. రజను గ్రీజుకి అంటుకుని వచ్చేసిందట. తర్వాత ఆయిల్ పోసి కడిగేశాడు, బండి తిరుగుతోంది.

లేత్ మేస్త్రి

తిరుగుతోందంటే సంతోషమే, కానీ నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వను. సన్న బిట్ వరకు గ్రీజు పని చేస్తుంది. ఇక్కడ కావలసింది పైపు ముక్క దూరేలా 21, 22 మిల్లీమీటర్ల రంధ్రం. బిట్ అవతలికి దూరే ఆఖరి క్షణంలో అంచు చిరిగి ముక్కలు లోపలికే పడతాయి. ఆయిల్ పంపు నోటి దగ్గరి స్ట్రైనర్ జాలీ పెద్ద ముక్కని ఆపుతుంది, సన్న రజనుని ఆపదు. అది ముందు ఆయిల్ పంపు గేర్లని గీస్తుంది, తర్వాతే ఫిల్టర్ దగ్గరికి చేరుతుంది. పైగా ఈ అబ్బాయి వెల్డింగ్ చేస్తానంటున్నాడు. ఆయిల్ ఉన్న ఇంజన్ కింద పడుకుని వెల్డింగా? వద్దు. చాంబర్ దించాల్సిందే.

రాయగడ వెల్డింగ్ (రాయగడ)

ఇది నా పని కాబట్టి వివరంగా రాస్తాను.

కడగడం దగ్గరే సగం పని ఉంది. ముందు డీజిల్‌తో బ్రష్ పెట్టి కడగాలి. తర్వాత వేడినీళ్ళలో చాకలి సోడా వేసి రెండు సార్లు కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోల్‌తో కడిగి వెంటనే వెల్డింగ్ మొదలుపెట్టొద్దు, మూలల్లో ఆవిరి నిలబడి మంట లేస్తుంది. డబ్బాలో వచ్చే బ్రేక్ క్లీనర్ స్ప్రే విషయంలో ఇంకా జాగ్రత్త. క్లోరిన్ కలిసిన రకం అయితే ఆర్క్ వెలుగు, వేడి తగిలి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. చాలా మందికి ఇది తెలియదు. వెల్డింగ్ చేసే చోట ఆ స్ప్రే వాడనే వద్దు. రంధ్రం చుట్టూ రెండు అంగుళాల మేర లోపలా బయటా పెయింట్ గీకేసి, ఇనుము మెరిసేదాకా గ్రైండ్ చెయ్యాలి.

పైపు ముక్క సంగతి. అరంగుళం పైపు బయటి కొలత 21.3, లోపల సుమారు 16 మిల్లీమీటర్లు, డ్రైన్‌కి చక్కగా సరిపోతుంది. కానీ నీళ్ళకి వాడే జీఐ పైపు తేవొద్దు. దాని జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. పూత పొరలు ఆయిల్లో రాలడం ఇంకో నష్టం. పూత లేని నల్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు తీసుకో, లేదా లేత్ మీద బుష్ చేయించు. హోస్ తొడిగే కొసన చిన్న ఉబ్బు అంచు పెట్టించు, క్లిప్పు జారకుండా ఉంటుంది.

వెల్డింగ్ ఏది? రేకు పల్చన. మామూలు ఆర్క్ రాడ్‌తో చేస్తే చెయ్యి ఏమాత్రం ఆగినా చిల్లు పడుతుంది. మిగ్ ఉందన్నావు కాబట్టి 0.8 వైరుతో, చుక్క ఇక్కడొకటి, దాని ఎదురుగా ఒకటి పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ చుట్టూ కలుపు. ఒకేసారి చుట్టూ లాగేస్తే చాంబర్ వంకర తిరుగుతుంది. నా మటుకు నాకు గ్యాస్ మీద బ్రాస్ రాడ్ బ్రేజింగ్ ఎక్కువ ఇష్టం. రేకు కరగదు, అతుకు సందులోకి ఇత్తడి తానే పారుతుంది, లీకు రావడం అరుదు. కాకపోతే చుట్టుపక్కల ఎక్కువ మేర వేడెక్కుతుంది.

ఏది చేసినా చాంబర్ అంచుని మందపాటి ఇనుప పలకకి, లేదా తుక్కులో దొరికే అదే రకం బ్లాకుకి బోల్టులతో బిగించి అప్పుడు వెల్డింగ్ చెయ్యి. చల్లారాకే విప్పు. ఇది మానేస్తే అంచు వంగి ఎంత ప్యాకింగ్ పెట్టినా కారుతూనే ఉంటుంది.

బల్లార్షా డీజిల్

వెల్డింగ్ అస్సలు దొరకని వాళ్ళకు ఇంకో దారి ఉంది. లోపలి నుంచి కాలరు ఉన్న బుష్ పెట్టి, బయట నుంచి నట్టుతో బిగించాలె. రెండు దిక్కులా రాగి వాషర్ గాని, రబ్బరు అంచున్న బాండెడ్ వాషర్ గాని పెట్టాలె. రేకు చదునుగ ఉన్న చోటనే ఇది నిలుస్తది, వంపు మీద కారుతది. అల్యూమినియం చాంబర్‌కు నేను ఇదే చేస్త. ఏండ్ల తరబడి ఆయిల్ పీల్చిన అల్యూమినియంను టిగ్ వెల్డింగ్ చేయబోతే లోపలి ఆయిల్ బుడగలు బుడగలుగ బయటికొస్తది.

జయపురం టౌన్ (జయపురం, కోరాపుట్ జిల్లా)

పని గురించి అందరూ బాగా చెప్పారు. కాగితాల గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. చాంబర్‌కి పైపు అతికించడం పెద్ద విషయం కాదేమో గానీ, టర్బో లేని ఇంజన్‌కి టర్బో పెట్టడం వేరే సంగతి. రోడ్డెక్కించే ముందు ఆర్టీవోలో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. దాచి నడిపి, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

గుణుపురం జీపు

మీరు చెప్పింది ముఖ్యమైన మాట. రాయగడ ఆర్టీవోలో దరఖాస్తు పెడతాను. వాళ్ళ జవాబు వచ్చేదాకా బండి మా తోటలోనే.

చాంబర్ దించేశాను. చాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలిపి, పక్కన చెక్క మొద్దులు కూడా పెట్టాను. ముందు యాక్సిల్‌ని కిందికి వేలాడదీస్తే చాంబర్ బయటికి వచ్చేంత సందు దొరికింది. మేస్త్రి గారు చెప్పిన ట్రాన్స్‌పరెంట్ పైపు పద్ధతి అద్భుతంగా పని చేసింది. బయట నుంచి చూసి నేను అనుకున్న మట్టం కంటే అసలు మట్టం బాగా పైన ఉంది. గీతకి ఒకటిన్నర అంగుళాల పైన, పొడవులో దాదాపు మధ్యలో చదునైన చోటు దొరికింది. టర్బో సరిగ్గా దానికి పైనే వస్తుంది.

ఇక లీటరు పెంచే సంగతి చెప్పండి. చాంబర్ లోతు పెంచితే యాక్సిల్‌కి తగులుతుంది.

సునాబేడ రిటైర్డ్

లోతు వద్దు, పక్కకి పెంచండి. లీటరంటే వెయ్యి ఘన సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 ఎత్తు, 5 వెడల్పు ఉన్న పెట్టె ఒకటి పక్కన అతికిస్తే సరిగ్గా లీటరు. కానీ ఆ పెట్టె మొత్తం మీ పంచ్ గీత కిందే ఉండాలి. గీత పైన ఉన్న చోటు లెక్కలోకి రాదు. పెట్టె పెట్టాక లీటరు ఎక్కువ పోసినా మట్టం పాత గీత దగ్గరే ఆగాలి. పెట్టె లేకుండా ఊరికే లీటరు ఎక్కువ పోస్తే క్రాంక్ వెయిట్లు ఆయిల్‌ని కొట్టి నురగ చేస్తాయి, ఆ నురగనే పంపు లాగుతుంది. అది బేరింగులకి చాలా చెడ్డది.

పెట్టెకీ చాంబర్‌కీ మధ్య గోడ మొత్తం కొయ్యకండి. కింద వెడల్పాటి సందు, పైన గాలి పోవడానికి చిన్న రంధ్రాలు చాలు. మిగిలిన గోడే అడ్డుపలకలా పని చేసి మలుపుల్లో ఆయిల్ ఒక్కసారిగా పక్కకి పారకుండా ఆపుతుంది. సుంకి ఘాట్ లాంటి చోట వరస మలుపుల్లో ఇది అక్కరకొస్తుంది. స్ట్రైనర్‌కీ చాంబర్ అడుగుకీ మధ్య ఇప్పుడున్న సందు ఎంతో, పని అయ్యాక కూడా అంతే ఉండాలి. బంకమట్టి ఉండ పెట్టి, చాంబర్ ఉత్తినే బిగించి విప్పితే ఉండ మందం చెబుతుంది. ఆరు నుంచి పది మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఫర్వాలేదు. కొలిచాక మట్టి ఆనవాలు లేకుండా తుడిచెయ్యండి.

డ్రైన్ రంధ్రం లోపలి వైపు చిన్న రేకు గొడుగు కూడా అతికించండి. పైనా పక్కలా మూసి, కింద తెరిచి ఉండాలి. క్రాంక్ చిమ్మే ఆయిల్ నేరుగా పైపు నోట్లోకి కొట్టకుండా ఉంటుంది.

లేత్ మేస్త్రి

నా అభిప్రాయం వేరు సార్. మొదటిసారే ఇన్ని అతుకులు వద్దు. ప్రతి అతుకూ ఒక లీకు అవకాశం. డ్రైన్ బుష్, గొడుగు పెట్టుకుని బండి నడిపి చూసుకోమనండి. ఆయిల్ వేడి నిజంగా ఎక్కువైతే పెట్టె సంగతి తర్వాత.

సునాబేడ రిటైర్డ్

ఒప్పుకుంటాను మేస్త్రి గారూ. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తక్కువగా ఉంచితే ఈ ఇంజన్‌కి ఇప్పుడున్న ఆయిల్ సరిపోతుంది. టర్బోతో వచ్చిన ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ కిందికి ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటాయి. అవి లేని ఇంజన్‌లో బూస్ట్ పెంచి డీజిల్ ఎక్కువ తోస్తే పిస్టన్ కాలుతుంది. అందుకని పంపు సెట్టింగ్ జోలికి పోకండి. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువైందనే అర్థం.

గుణుపురం జీపు

సరే, పెట్టె ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. బుష్, గొడుగు వెల్డింగ్ అయిపోయాయి. పాత బ్లాకు ఒకటి అద్దెకి తెచ్చి దానికి బిగించే చేశాం. లీకు ఎలా పరీక్షించాలి? నీళ్ళు పోసి చూస్తే చాలా?

రాయగడ వెల్డింగ్

నీళ్ళు చాలవు, కిరోసిన్ కావాలి. సుద్దపొడి నీళ్ళలో కలిపి అతుకు బయట వైపు సున్నం వేసినట్టు పూసి ఆరనివ్వు. లోపల అతుకు మునిగేలా చాంబర్ వాల్చి కిరోసిన్ పోసి గంట సేపు ఉంచు. నీళ్ళు దూరని సన్న రంధ్రంలో కూడా కిరోసిన్ దూరుతుంది, సుద్ద మీద మరక కనపడుతుంది. మరక వచ్చిన చోట పైన ఇంకో పొర వేయకు. గ్రైండ్ చేసి, కడిగి, మళ్ళీ వెయ్యి. తర్వాత లోపల వెల్డింగ్ చిటపటలు (ఎగిరిపడి గట్టిపడిన ఇనుప చుక్కలు) అంటుకుని ఉంటాయి, వైరు బ్రష్‌తో ఒక్కొక్కటి రాల్చాలి. అవి వేడికి తర్వాత ఊడి ఆయిల్లో పడతాయి.

ప్యాకింగ్ వేసేటప్పుడు సిలికాన్ పేస్టు పల్చగా రాయి. లోపలికి పిండుకొచ్చిన పేస్టు ఊడి జాలీకి అడ్డం పడుతుంది. టర్బో డ్రైన్ ఫ్లాంజికైతే పేస్టు వాడనే వద్దు, సరైన ప్యాకింగ్ కత్తిరించి వెయ్యి.

ఘాట్ రోడ్డు

ఈ చర్చ చదువుతుంటే నా బండి సంగతి అడగాలనిపించింది. నా పికప్‌కి టర్బో కంపెనీ నుంచి ఉన్నదే. ఈమధ్య ఒక గ్యారేజీలో టర్బో విప్పి బిగించారు. అప్పటి నుంచి ఉదయం స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఘాట్ దిగేటప్పుడు కూడా. వాళ్ళు టర్బో పోయింది, కొత్తది వేయాలంటున్నారు. చాలా డబ్బు. నాకు టెన్షన్‌గా ఉంది.

బల్లార్షా డీజిల్

కొత్తది కొనకముందు మూడు చూడు తమ్మీ. డ్రైన్ హోస్ ఎక్కడన్న మడత పడ్డదా, మధ్యల కిందికి వేలాడి మళ్ళ పైకి లేస్తున్నదా చూడు. టర్బో నుంచి చాంబర్ దాకా అది దిగుడే ఉండాలె, ఒక్క చోట కూడా ఎక్కకూడదు. రెండోది, ఇంజన్ నడుస్తుంటె ఆయిల్ పోసే మూత తీసి చూడు, బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ పక్కల నుంచి కిందికి వచ్చే గ్యాసు) ఎంత కొడుతున్నదో. మూడోది ఎయిర్ ఫిల్టర్. అది మూసుకుపోతే ఐడిల్‌ల కంప్రెసర్ దిక్కు గుంజుడు పెరిగి ఆయిల్ ఆ దిక్కు వస్తది.

సునాబేడ రిటైర్డ్

బ్యాక్ కంప్రెషన్ సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. డ్రైన్ పైపు అవతలి కొస క్రాంక్ గదిలో ఉంది. పిస్టన్ రింగులు అరిగి, లేదా ఆ గ్యాసు బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయి ఆ గదిలో ఒత్తిడి పెరిగితే, అది డ్రైన్ పైపులో కింది నుంచి పైకి నెడుతుంది. అప్పుడు పైపు ఎంత లావున్నా ఆయిల్ దిగదు. టర్బో బాగున్నా పొగ వస్తుంది. పొట్టంగి, సెమిలిగుడా వైపు చలికాలం తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడి మెల్లగా దిగుతుంది కాబట్టి ఉదయం పొగ ఎక్కువ కనిపిస్తుంది. ముందు బ్రీదర్ పైపు విప్పి ఊది చూడండి.

ఘాట్ రోడ్డు

బ్రీదర్ శుభ్రంగానే ఉంది. డ్రైన్ హోస్ చూశాను. పాత హోస్ బదులు రేడియేటర్ హోస్ ముక్క వేశారు. చేత్తో నొక్కితే మెత్తగా, ఉబ్బిపోయి ఉంది. విప్పి కోసి చూస్తే లోపలి పొర వాచి దారి చిటికెన వేలు కూడా పట్టనంత అయిపోయింది.

లేత్ మేస్త్రి

దొరికింది. రేడియేటర్ హోస్‌లు చాలావరకూ ఈపీడీఎం రబ్బరు. నీళ్ళకి, కూలెంట్‌కి అది చాలా మంచిది, ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బుతుంది. మామూలు సిలికాన్ హోస్ కూడా వేడి ఆయిల్‌కి పనికిరాదు, లోపల ఫ్లోరో పొర ఉన్నదైతేనే వెయ్యాలి. నైట్రైల్ ఆయిల్ హోస్ అడుగు. టర్బో వేడికి దగ్గరైతే విటాన్ రకం ఇంకా మేలు. వీలైనంత దూరం ఇనుప పైపు వేసి, మధ్యలో చిన్న ముక్క మాత్రమే హోస్ పెట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. మానిఫోల్డ్ వైపు వేడిని ఆపే తొడుగు వెయ్యి.

ఘాట్ రోడ్డు

బరంపురం నుంచి నైట్రైల్ హోస్ తెప్పించి వేశాను. పొగ తగ్గింది. సైలెన్సర్‌లో చేరిన పాత ఆయిల్ కాలే వరకు కొంచెం వస్తుందనుకుంటున్నాను. అందరికీ కృతజ్ఞతలు, కొత్త టర్బో ఖర్చు తప్పింది.

గుణుపురం జీపు

చాంబర్ ఎక్కించేశాను. టర్బో బిగిస్తే డ్రైన్ నోరు నిట్టనిలువుగా లేదు, బాగా వాలింది. ఇది ఫర్వాలేదా? ఇంకా మొదటి స్టార్ట్‌కి ముందు ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

లేత్ మేస్త్రి

నిలువు నుంచి 30 డిగ్రీలు దాటకూడదు. దాటితే హౌసింగుల బోల్టులు వదులు చేసి మధ్య భాగాన్ని తిప్పు, నోరు కిందికి వస్తుంది. తిప్పేటప్పుడు రెక్కలు గోడకి రాసుకోకుండా చూడు.

స్టార్ట్ చేసే ముందు ఫీడ్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి, చేత్తో రెక్కలు తిప్పు. తర్వాత ఫీడ్ పైపు బిగించి, డ్రైన్ హోస్ కింది కొస డబ్బాలో పెట్టు. బుష్ నోటికి గుడ్డ చుట్టు. స్టాప్ నాబ్ లాగి ఉంచి, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ కొట్టు. కొంచెం కొట్టి ఆపు, స్టార్టర్ చల్లారనివ్వు, మళ్ళీ కొట్టు. డబ్బాలోకి ఆయిల్ వచ్చేదాకా ఇదే పని. వచ్చిందంటే దారి అంతా తెరిచి ఉన్నట్టు. గుడ్డ తీసి హోస్ బిగించి, అప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే ఉంచు. రేజ్ చెయ్యకు.

గుణుపురం జీపు

మధ్య భాగం తిప్పాక నోరు దాదాపు నిలువుగా వచ్చింది. సెల్ఫ్ కొడితే డబ్బాలోకి ఆయిల్ దిగింది. స్టార్ట్ చేసి అరగంట ఐడిల్‌లో ఉంచాను. పొగ లేదు, అతుకు దగ్గర తడి లేదు. తోటలో లోడు వేసి గట్టు మీదికి ఎక్కించాం, మూడో గేరులో ఎక్కింది. నాన్నగారు పక్కన కూర్చున్నారు, ఆయన సంతోషం చూసి పని చేసినందుకు తృప్తిగా ఉంది. సార్‌కీ, మేస్త్రి గారికీ, వెల్డింగ్ అన్నకీ, బల్లార్షా అన్నకీ మనస్ఫూర్తిగా నమస్కారాలు.

ఆర్టీవోలో కాగితం ఇచ్చాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను. ఒక్కటి అడగాలి, మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

లేత్ మేస్త్రి

వెల్డింగ్ చేసిన చాంబర్ కాబట్టి మామూలు గడువు దాకా ఆగకు. రెండు మూడు వందల కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మార్చెయ్. దించిన ఆయిల్‌ని తెల్ల గుడ్డలో వడగట్టి, గుడ్డకి అయస్కాంతం తాకించి చూడు. ఇనుప రజను అంటుకుంటే ఇక్కడ రాయి, చాంబర్ మళ్ళీ దించాలి.

సునాబేడ రిటైర్డ్

ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజన్ ఆపకండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలండి. ఒక్కసారిగా ఆపితే బేరింగు దగ్గర నిలిచిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గుపొర కడుతుంది. ఆ పొర రాలి డ్రైన్ నోటి దగ్గరే పేరుకుంటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ హోస్ ఒక కొస విప్పి లోపల వేలు పెట్టి చూసుకోండి.